నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత కారు: లోపం పట్టుకునే పద్ధతి

ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇరవై ఏళ్ళు దాటిన పెట్రోల్ కారు, ఫ్యూయల్ ఇంజెక్షన్, మాన్యువల్ గేర్లు. అరగంటో ముప్పావుగంటో నడిచాక ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతోంది. పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేస్తే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతోంది. స్కానర్ పెడితే కోడ్ (బండి కంప్యూటర్ నమోదు చేసే లోపం నంబరు) ఏదీ లేదు. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్, బ్యాటరీ మార్చినా తేడా లేదు. ఇక ఏ పార్టు మార్చాలి?

ప్రస్తుతానికి ఏదీ వద్దు. వచ్చీపోయే లోపానికి పార్టులు మార్చుకుంటూ పోతే ఒక మోసం ఉంది. కొత్త పార్టు వేయాలంటే కప్లర్ (వైర్లని పార్టుకి కలిపే కనెక్టర్) పీకాలి, మళ్ళీ పెట్టాలి. ఆ కదలికకి లోపలి పిన్నుల మీద పేరుకున్న చిలుము గీసుకుపోయి కాంటాక్ట్ కొన్నాళ్ళు బాగుంటుంది. కుదిరింది కప్లర్, పేరొచ్చింది పార్టుకి. వారం తిరిగేసరికి బండి మళ్ళీ రోడ్డు మధ్యలో ఆగుతుంది, అసలు కారణం మాత్రం "అది మార్చేశాంగా" అన్న జాబితాలోకి పోయి ఉంటుంది.

ఇలాంటి లోపం దొరికేది బండి ఆగిన తర్వాత, అది చల్లారేలోపు. ఆ పావుగంట దాటితే ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినా బుద్ధిగా నడుస్తుంది, ఆయన చూడటానికి ఏమీ ఉండదు. కాబట్టి ఒక మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంపు, ఒక స్పార్క్ టెస్టర్ కార్లోనే పెట్టుకోండి. ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ దొరికితే అదీ. ఏ పిన్ను ఎక్కడుందో, ఏ రిలే (కరెంటుతోనే ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్) ఏదో ఇంటి దగ్గరే చూసి కాగితం మీద రాసుకోండి. రోడ్డు పక్కన బానెట్ ఎత్తాక వెతుక్కుంటే టైము అంతా దానికే పోతుంది.

అన్నిటికంటే ముందు, ఎలా ఆగుతోందో చూడండి. స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా చచ్చిపోతోందా, లేక ముందు లాగలేక, కుదుపులతో, గొంతు పట్టినట్టు తగ్గుతూ ఆగుతోందా? ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు: స్పార్కు, సెన్సర్, రిలే, ఇగ్నిషన్ స్విచ్. లాగలేక ఆగితే పెట్రోల్ వైపు. ఎప్పుడూ ఇంతే అని కాదు, రిలే ఒక్కసారిగా తెగితే పంపు ఆగినా కొన్ని బండ్లలో అర సెకనులోనే ఇంజిన్ పడిపోతుంది. కానీ మొదటి అంచనాకి ఇది చాలు.

రెండో సాక్షి ఆర్‌పీఎం ముల్లు. గేర్లో ఉండగా ఇంజిన్ ఆగితే వెంటనే క్లచ్ తొక్కకుండా ఒక్క క్షణం ముల్లు వైపు చూడండి. చక్రాలు ఇంజిన్‌ని ఇంకా తిప్పుతూనే ఉన్నాయి. అయినా ముల్లు టక్కున సున్నాకి పడిపోయిందంటే, ఇంజిన్ తిరుగుతోందన్న సమాచారమే మీటర్‌కి అందడం లేదన్నమాట: క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే సెన్సర్) సిగ్నల్, లేదా కాయిల్ (స్పార్కుకి కావలసిన హై వోల్టేజి పుట్టించేది) వైపు కరెంటు పోయింది. ముల్లు కారు వేగంతో పాటే మెల్లగా దిగితే సిగ్నల్ ఉన్నట్టే, పెట్రోల్ అనుమానించండి. ఈ పరీక్ష ఖాళీ రోడ్డు మీద మాత్రమే. ఇంజిన్ ఆగాక పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ బూస్టర్లో ఒకటి రెండు తొక్కులకి సరిపడా వాక్యూమ్ మాత్రమే మిగిలి ఉంటుంది. బ్రేకుని పదేపదే తొక్కి ఆ కాస్తా పోగొట్టుకోకండి. తాళం చివరిదాకా వెనక్కి తిప్పకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

మూడోది డ్యాష్‌బోర్డు. ఇంజిన్ ఆగి తాళం ఆన్‌లోనే ఉంటే బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు వెలగాలి. అవి వెలగకుండా అంతా చీకటైపోతే సెన్సర్ల జోలికి పోవద్దు. బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజ్, ఇగ్నిషన్ స్విచ్: ఈ మూడింట్లో ఒకటి. ఇగ్నిషన్ స్విచ్ లోపలి రాగి కాంటాక్టులు ఏళ్ళ తరబడి కాలి అరిగి ఉంటాయి, తాళం గుత్తి బరువుగా ఉంటే కుదుపుకల్లా కదులుతాయి. ఇంజిన్ నడుస్తుండగా బండి నిలిపి ఉంచి తాళాన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ మెల్లగా ఊపండి. ఇంజిన్ ఒక్కసారి తడబడినా దోషి దొరికినట్టే. మార్చాల్సింది తాళం సిలిండర్ కాదు, దాని వెనక ఉండే ఎలక్ట్రికల్ స్విచ్. చాలా బండ్లలో అది విడిగానే ఊడుతుంది.

ఇక బండి ఆగింది, పక్కకి తీశారు. ఈ వరసలో చూడండి, తొందరపడి మధ్యలో సెల్ఫ్ కొట్టొద్దు.

తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) కరెంటే అందడం లేదు, మెయిన్ రిలే, దాని ఫ్యూజ్, ఈసీయూ ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే దారి) చూడాలి. వెలిగితే, అదే క్షణంలో వెనక సీటు వైపు చెవి పెట్టండి. ఈ తరం బండ్లలో ఎక్కువ వాటికి తాళం ఆన్ చేయగానే పెట్రోల్ పంపు సుమారు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది. సన్నటి గుయ్‌మన్న శబ్దం వస్తుంది. మీ బండిలో మామూలు రోజున ఆ శబ్దం ఎలా ఉంటుందో ముందే విని పెట్టుకోండి, లేకపోతే ఆ రోజు వినబడినా పోల్చుకోలేరు.

తర్వాత ఒక ప్లగ్గు వైరు ఊడదీసి స్పార్క్ టెస్టర్ పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. వైరుని చేత్తో పట్టుకుని బాడీకి ఆనించి చూడటం పాత అలవాటు, మానేయండి. షాకు మాట అటుంచితే, టెస్టర్ లేకుండా స్పార్కుకి దారి దొరక్కపోతే కొన్ని ఇగ్నిషన్ మాడ్యూళ్ళు (కాయిల్‌కి కరెంటు ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ పార్టులు) కాలిపోతాయి. అప్పుడు లేని లోపం కొత్తగా తెచ్చుకున్నట్టు. ఇంజెక్టర్ కప్లర్లో పెట్టే చిన్న నాయిడ్ లైటు ఉంటే, సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది మినుకుమినుకుమనాలి. స్కానర్ ఉంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ఎంత చూపిస్తోందో చూడండి. రెండు వందలో మూడు వందలో చూపించాలి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా అంటోందంటే క్రాంక్ సిగ్నల్ లేదు.

ఈ జవాబులు ఉంటే సగం ఇంజిన్ని పక్కన పెట్టేయొచ్చు. స్పార్కూ లేదు, ఇంజెక్టర్ పల్సూ లేదు: క్రాంక్ సెన్సర్, లేదా ఈసీయూకి కరెంటు. స్పార్కు లేదు, పల్సు ఉంది: కాయిల్, ఇగ్నిషన్ మాడ్యూల్. రెండూ ఉన్నా స్టార్ట్ కాలేదు: పెట్రోల్ రావడం లేదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త: క్రాంక్ సిగ్నల్ లేకపోతే ఈసీయూ పంపుని కూడా ఆపేస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు తిరగడం లేదని గబగబా ట్యాంకు దింపేసేవాళ్ళు ఎక్కువ. తాళం ఆన్ చేసిన మొదటి రెండు సెకన్లలో పంపు తిరిగిందంటే పంపుదీ రిలేదీ దాదాపు తప్పు లేనట్టే.

మీరు చెప్పిన లక్షణాలకి, అంటే వేడెక్కాక ఆగడం, చల్లారాక స్టార్ట్ కావడం, కోడ్ లేకపోవడం, నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సర్ మీదే. రెండు వైర్ల రకం సెన్సర్ లోపల వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఎక్కడో ఒక చోట అది చిట్లితే, చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ ఆనుకునే ఉంటాయి. వేడికి సెన్సర్ ఒళ్ళు వ్యాకోచించగానే విడిపోతాయి. చల్లారితే మళ్ళీ కలుస్తాయి. అందుకే ఆ పావుగంట లెక్క అంత కచ్చితంగా ఉంటుంది.

కోడ్ ఎందుకు రాలేదంటే, చాలా పాత ఈసీయూలకి క్రాంక్ సిగ్నల్ పోవడమూ, మీరు ఇంజిన్ ఆపడమూ ఒకేలా కనిపిస్తాయి. ఇంజిన్ తిరుగుతోందని క్యామ్ సెన్సర్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్ తిరగడాన్ని చూసేది) లాంటి ఇంకో ఆధారం చెబుతుండగా, నిర్ణీత సమయం పాటు క్రాంక్ సిగ్నల్ రాకపోతేనే పీ0335 లాంటి కోడ్ పడుతుంది. బండి ఆగిన వెంటనే, చల్లారకముందే పది సెకన్లు సెల్ఫ్ కొట్టి అప్పుడు స్కాన్ చేయండి. ఇంటికొచ్చి చేసిన స్కానులో లేని కోడ్ అప్పుడు కనబడే అవకాశం ఉంది. కోడ్ లేదు కాబట్టి సెన్సర్ బాగుంది అని మాత్రం అనుకోవద్దు.

రెండు వైర్ల సెన్సర్ని కప్లర్ విప్పి ఓమ్స్‌లో కొలవొచ్చు. చాలావాటికి 500 నుంచి 1500 ఓమ్స్ మధ్య ఉంటుంది, కానీ మీ బండి సర్వీస్ మాన్యువల్లో ఉన్న అంకెనే నమ్మండి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి రాసుకుని, ఆగిన క్షణంలో మళ్ళీ కొలవండి. వేడికి కాస్త పెరగడం సహజం. మీటర్ ఓఎల్ (కొలత హద్దు దాటింది) అని చూపించినా, అంకె నిలవకుండా ఎగిరెగిరి పడినా తీగ తెగినట్టే. మూడు వైర్లుంటే అది చాలావరకు హాల్ రకం, అంటే తీగ చుట్ల బదులు అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు ఉండేది. దాన్ని ఓమ్స్‌లో కొలిస్తే ఏమీ తేలదు. ఒక వైరులో సప్లై వస్తోందా, రెండోదానికి ఎర్త్ ఉందా, ఇంజిన్ తిప్పితే మూడోదానిలో వోల్టేజి పైకీ కిందికీ కొట్టుకుంటోందా అని చూడాలి.

మీటర్ చేతిలో లేనప్పుడు పనికొచ్చే చిట్కా ఒకటుంది. బండి ఆగగానే ఒక గుడ్డని చల్లటి నీళ్ళలో ముంచి సెన్సర్ ఒంటి మీద రెండు నిమిషాలు అద్దిపెట్టండి. ఇరవై నిమిషాలు పట్టేది రెండు నిమిషాల్లో స్టార్ట్ అయితే వేరే సాక్ష్యం అక్కర్లేదు. నీళ్ళు గుమ్మరించకండి, పక్కనే కాలుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే అది చిట్లొచ్చు. మీ చేతులకీ ఆ మానిఫోల్డ్ దగ్గరే గండం. షెడ్డులోనే తేల్చుకోవాలంటే ఇదే పరీక్ష తిరగేసి చేయొచ్చు: ఇంజిన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తూ) పెట్టి, హెయిర్ డ్రయర్‌తో సెన్సర్ని మెల్లగా వేడి చేసి ఆగుతుందేమో చూడటం.

సెన్సర్ విప్పినప్పుడు దాని కొసకి ఇనుప రజను అంటుకుని గడ్డంలా ఉంటుంది, తుడిచేయండి. ఆ రజను కూడా సిగ్నల్‌ని బలహీనం చేస్తుంది. కింద వాషర్ లాంటి షిమ్ ఉంటే పారేయకండి, ఇంజిన్‌తో తిరిగే పళ్ళ రింగుకీ సెన్సర్‌కీ మధ్య మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే సందు దాని మీదే ఆధారపడి ఉంటుంది. వైరుని కూడా కొస నుంచి కప్లర్ దాకా వేళ్ళతో తడుముతూ రండి. వేడికి పైతొడుగు పెళుసెక్కి, వంపు దగ్గర పగిలి ఇంజిన్‌కి రాసుకుంటే సెన్సర్ మార్చినా అదే కథ.

క్రాంక్ సెన్సర్ నిర్దోషి అని తేలితే రిలే. డ్యాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే, పంపు రిలేల లోపల సర్క్యూట్ బోర్డు ఉంటే, పిన్ను కాళ్ళ చుట్టూ ఉన్న సోల్డర్ ఏళ్ళ తరబడి వేడికీ చల్లదనానికీ లోనై చిట్లుతుంది. మూత విప్పి భూతద్దంతో చూడండి: పిన్ను చుట్టూ వెంట్రుకవాసి నల్లటి గుండ్రటి గీత కనబడుతుంది. ఎండలో నిలిపిన బండి అసలు స్టార్టే కాకపోవడం, అద్దాలు దింపి కాసేపు ఆగితే కావడం దీని ప్రత్యేక లక్షణం. ఆ పిన్నులకి కొత్త సోల్డర్ పోస్తే పనైపోతుంది. రోడ్డు మీద అయితే పక్కనే ఉన్న హారన్ రిలేనో మరొకటో తీసి వేసి చూడొచ్చు, కానీ మీద రాసిన నంబరు, పిన్నుల అమరిక ఒకటే అయితేనే.

కాయిల్, మాడ్యూల్ సంగతీ సెన్సర్ లాంటిదే, చల్లగా కొలిస్తే బాగున్నట్టే చూపిస్తాయి. ఆగినప్పుడే కొలవాలి. మీది డిస్ట్రిబ్యూటర్ (స్పార్కుని ఒక్కో ప్లగ్గుకీ పంచే పార్టు) ఉన్న బండి అయి, మాడ్యూల్ ఎప్పుడైనా మార్చి ఉంటే, దాని వీపు కింద వేడిని లాగే పేస్టు పూశారో లేదో చూడండి. పేస్టు లేకుండా బిగించిన కొత్త మాడ్యూల్ కూడా వేడెక్కి ఆగిపోతుంది.

పెట్రోల్ వైపు మీ లక్షణాలకి సరిపోయేవి ముఖ్యంగా రెండు. ఒకటి, పంపు మోటారు బ్రష్షులు అరిగి, వేడెక్కాక పట్టేయడం. శబ్దం రానప్పుడు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు కొట్టి తాళం ఆన్ చేయండి. లేచి తిరిగితే పంపుకి కాలం చెల్లింది. ట్యాంకు పావు కంటే తగ్గినప్పుడే ఎక్కువగా ఆగుతోందంటే ఆ అనుమానం బలపడుతుంది, పంపుని చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న పెట్రోలే కాబట్టి. రెండోది మరీ జిత్తులమారి: ట్యాంకు అడుగు చెత్త. పంపు లాగుతుంటే ఆ చెత్త మెల్లగా వచ్చి స్ట్రెయినర్‌కి (పంపు నోటి దగ్గర ఉండే జల్లెడకి) అతుక్కుంటుంది, అరగంటకి పూర్తిగా మూసేస్తుంది, ఇంజిన్ ఆగుతుంది. పంపు ఆగాక లాగే బలం పోయి చెత్త రాలిపోతుంది, బండి స్టార్ట్ అవుతుంది. అచ్చం వేడి వల్ల వచ్చిన లోపంలాగే నటిస్తుంది. తేడా ఒక్కటే: ఇది ఆగేముందు లాగలేక కుదుపులిస్తుంది, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు.

ట్యాంకు దింపేముందు మూత పరీక్ష చేయండి, ఖర్చు లేదు. ఆగగానే పెట్రోల్ మూత విప్పండి. గట్టిగా గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, వెంటనే బండి స్టార్ట్ అయితే మూతలోనో వెంట్ పైపులోనో గాలి దారి మూసుకుపోయింది. కొద్దిగా బుస్సుమనడం మామూలే, దానికి భయపడకండి.

గేజ్ ఉంటే ప్రెషర్: రిటర్న్ పైపు (మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిరిగి పంపేది) ఉన్న సిస్టమ్‌లలో సాధారణంగా ఐడ్లింగ్‌లో 2.5 బార్ దరిదాపుల్లో, ప్రెషర్ రెగ్యులేటర్ వాక్యూమ్ గొట్టం ఊడదీస్తే సుమారు అర బార్ ఎక్కువ. రిటర్న్ లేనివాటిలో ఎక్కువగా 3.5 నుంచి 4 బార్. త్రాటిల్ బాడీలోనే (ఇంజిన్‌లోకి గాలిని నియంత్రించే భాగంలోనే) ఒకే ఇంజెక్టర్ ఉండే పాత రకంలో 1 బార్ దరిదాపులే, అక్కడ మూడు కోసం వెతక్కండి. ప్రెషర్ తక్కువగా కనబడగానే పంపు అని తేల్చేయొద్దు. ఇంజిన్ నడుస్తుండగా పంపు కప్లర్ దగ్గర వోల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే అర వోల్టుకి మించి తగ్గితే దారిలో ఎక్కడో కరెంటు మింగేస్తోంది. కప్లర్ విప్పి కొలిస్తే పన్నెండు వోల్టులూ కనబడతాయి. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా మీటర్‌కి పన్నెండు చూపించగలదు, పంపుని మాత్రం తిప్పలేదు.

ఎర్త్‌ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఇరవై ఏళ్ళ బండిలో సగం వింతలు వీటి వల్లే. కంటితో చూసి బాగుందనకండి. మీటర్ని డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఇంజిన్ ఆన్, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆన్. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ స్తంభం మీద (బిగించిన క్లాంప్ మీద కాదు, సీసం స్తంభం మీదే), ఎర్ర ప్రోబ్ ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించండి. 0.1 వోల్టు లోపు ఉండాలి. తర్వాత ఎర్ర ప్రోబ్‌ని బాడీ మీదకి, ఆ తర్వాత ఈసీయూ ఎర్త్ బోల్టు మీదకి మార్చండి. ఏ చోట 0.3, 0.4 చూపించిందో ఆ పట్టీ విప్పి, కింద పెయింటూ తుప్పూ గీకి, మెరిసే లోహానికి బిగించండి. బ్యాటరీ మార్చారన్నారు కాబట్టి ముందు ఆ రెండు క్లాంపుల్నే చేత్తో తిప్పి చూడండి. చేతికి కదిలితే లూజే.

మరొకటి, అలారమో, రిమోట్ లాకో, గ్యాస్ కిట్టో తర్వాత బిగించి ఉంటే, ఆ పని చేసినవాళ్ళు పంపు వైరునో ఇగ్నిషన్ వైరునో కోసి మధ్యలో ఒక రిలే పెట్టి ఉంటారు. మెలితిప్పి టేపు చుట్టిన అతుకులు అక్కడే ఉంటాయి. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవరు విప్పి, కంపెనీ వైరింగ్‌కి రంగు కలవని వైరు ఎక్కడ కనబడితే అక్కడ ఆగండి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి ఆ గుత్తిని వేళ్ళతో కదిలించండి.

ఇవేవీ మీ లక్షణాలు కాకుండా, సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి న్యూట్రల్‌లోకి వచ్చినప్పుడే ఆగుతుంటే అది వేరే జబ్బు. త్రాటిల్ ప్లేటు అంచున మసి, ఐడిల్ వాల్వు పట్టేయడం, చిట్లిన వాక్యూమ్ గొట్టం, మూసుకోని ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపేది). స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపేది) ఐడ్లింగ్‌లో ప్లస్ 10 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు వస్తే గాలి లీకు. రేస్ చేసేకొద్దీ ఇంకా పెరిగితే పెట్రోల్ తక్కువ. త్రాటిల్ శుభ్రం చేశాక ఐడిల్ ఒకటి రెండు రోజులు హెచ్చుగా ఉండొచ్చు, కొన్ని బండ్లకి మాన్యువల్లో చెప్పినట్టు ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకి ఐడిల్ మళ్ళీ నేర్పించడం) చేయాలి. పెట్రోల్ కొట్టించిన వెంటనే మాత్రమే ఆగుతుంటే పర్జ్ వాల్వు (ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది) తెరుచుకునే ఉండిపోయింది.

ఇదే లక్షణం కార్బురేటర్ బండిలో ఉన్నవాళ్ళకి తొందరగా తేల్చే మార్గం ఒకటి. ఆగగానే ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకు చేత్తో లాగండి. సన్నటి ధారగా పెట్రోల్ చిమ్మితే బౌల్లో పెట్రోల్ ఉన్నట్టే, కాయిల్, కండెన్సర్, పాయింట్ల వైపు తిరగండి. చుక్క రాకపోతే పంపు, ఫిల్టర్, లేదా వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై పట్టేసిన ఎయిర్ లాక్. చూసేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి, ఆ సమయంలో సెల్ఫ్ కొట్టనివ్వకండి.

మీ విషయంలో వరస ఇది: వచ్చేసారి ఆగినప్పుడు ముల్లు, లైట్లు, పంపు శబ్దం, స్పార్కు, ఈ నాలుగూ చూసి రాసుకోండి. స్పార్కు లేకపోతే తడిగుడ్డ. అక్కడ తేలకపోతే రిలే, ఆ తర్వాత కాయిల్. స్పార్కు ఉంటే మూత, సుత్తి, ప్రెషర్. ఇవన్నీ వదిలి ఈసీయూ మార్చమని ఎవరైనా అంటే, ఈసీయూకి వచ్చే కరెంటు, ఎర్త్ కొలిచారా అని అడగండి.

బాగుచేశాక ఒక్క రోజు నడిచిందని సంతకం పెట్టేయొద్దు. ఇదివరకు ఆగకుండా ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు నడిచిందో దానికి మూడింతలు, అదే ఎండలో, అదే దూరం తిప్పండి. పీకిన పాత పార్టుని అప్పటిదాకా డిక్కీలోనే ఉంచండి.